విప్పని పలుపు

ఎదురింటి శాంతమ్మ చెప్పిన ప్రకారం నాజ్నీన్ మొగుడు మోసిన్‌ను ఎవరూ ఎత్తుకుపోలేదు. కుప్పంలో ఇంకో ఆడదాన్ని పెట్టుకుని, కంటికి కనబడని డబ్బుతో ఆరు పుంగనూరు ఆవులు కొని, వాటి పాలు తాగుతూ దర్జాగా ఉన్నాడట. శాంతమ్మ ఈ మాట పూలమ్మే ఆమెతో అంది. ఆమె కనకాంబరాలు మూర వేస్తూ రాజేశ్వరమ్మ చెవిన పడేసింది. తన పేరు మాత్రం బయటికి రాకూడదని ఒట్టు కూడా వేయించుకుంది.

రాజేశ్వరమ్మ ఇరవయ్యారేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, మోకాళ్ళు మొరాయించాక ఏఎస్ఐగా ఉండగానే విరమణ తీసుకున్న మనిషి. ఇప్పుడు మదనపల్లెలో ఒక టైలర్ షాపు మీద గది తీసుకుని ప్రైవేటుగా విచారణలు చేస్తోంది. వచ్చేవి ముప్పాతిక పాలు పెళ్ళి సంబంధాలే. పిల్లవాడు తాగుతాడా, అప్పులున్నాయా, బెంగళూరులో చెప్పిన ఉద్యోగమే చేస్తున్నాడా, ఇవే. ఇన్నేళ్ళలో ఆమెకు వంటబట్టింది ఒకటే. వీధి మాటలో సగం నిజం ఉంటుంది. అది ఏ సగమో తేల్చేసరికే మనిషి కాళ్ళు అరిగిపోతాయి.

గురువారం పొద్దున నాజ్నీన్ పిలిస్తే ఆమె మసీదు వీధికి పోయేసరికి పట్టుగూళ్ళు ఉడుకుతున్న వాసన మలుపులోనే ఎదురొచ్చింది. మొగుడు కనబడకుండా పోయి తొమ్మిది రోజులవుతున్నా నాజ్నీన్ దారం తీసే మిషన్ ఆపలేదు. వేడినీళ్ళ తొట్టిలో గూళ్ళను కలబెట్టి, పోగు కొస దొరకబుచ్చుకుని, చక్రానికి ఎక్కిస్తూనే అడిగినదానికి జవాబు చెప్పింది. ఉడికిన గూడు ఆగదు, ఏడుపైతే ఆగుతుంది అన్నట్టుంది ఆమె వాలకం.

సంగతి ఇది. నాలుగేళ్ళ కిందట మోసిన్ ఎవరో చెబితే విని క్రిప్టో కాయిన్లు కొన్నాడు. బ్యాంకులో పాత బాకీ ఉండడం వల్ల తన పేరు పనికిరాక నాజ్నీన్ పేరు పెట్టాడు. పాన్ కార్డు ఆమెది, బ్యాంకు ఖాతా ఆమెది, కాయిన్లున్న ఫోనూ ఆమెదే. ఆమె మాత్రం ఒక్క కాయిన్‌ను కళ్ళతో చూసింది లేదు. ఉప్పు రాళ్ళలా పడి ఉన్నవి చూస్తూండగానే వజ్రాల ధర పలికాయి. మూడు నెలల కిందట ఆదాయపు పన్ను వాళ్ళ నోటీసు వచ్చింది, అదీ ఆమె పేరుకే. పోయిన వారం మంగళవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు ఆ కాయిన్లన్నీ ఒక్క దెబ్బతో ఖాతా దాటి వెళ్ళిపోయాయి. ఆ రోజు నుంచే మోసిన్ లేడు.

“ఫోన్ యాడ ఉండాది అప్పుడు?” అని అడిగింది రాజేశ్వరమ్మ.

అద్దం పగిలింది, బాగు చేయించుకొస్తానని సోమవారం సాయంత్రం మోసినే తీసుకుపోయాడని నాజ్నీన్ చెప్పింది. పగిలిన అద్దం నువ్వు చూశావా అంటే ఒక్క క్షణం ఆమె చేయి తొట్టిలో ఆగింది. చూడలేదు. ఆయన చెప్పాడు.

తీసింది మోసినేనేమో అన్న ముక్కను రాజేశ్వరమ్మ బయటపెట్టలేదు. ఎత్తుకుపోయారని నమ్మే ఆడమనిషి ముందు అలాంటి ముక్క పెట్టడం ఆమెకు కొత్త కాదు, ఇష్టమూ కాదు.

స్టేషన్‌లో మనిషి తప్పిపోయినట్టు కంప్లైంటు తీసుకున్నారు. కాయిన్ల మాట వచ్చేసరికి, పోయిన వస్తువు ఎలా ఉంటుందో చెప్పమ్మా, ఫోటో ఉంటే ఇవ్వు అని రైటరు అడిగాడట. వెటకారానికి కాదు పాపం, కాగితంలో ఆ గడి ఉంది. నాజ్నీన్ ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చింది.

నిన్న పన్ను ఇన్‌స్పెక్టరు వరుణ్ వచ్చి గుమ్మంలో నిలబడి ఒక అగ్రిమెంటు చదివి వినిపించాడు. శాంతమ్మ చెవికి ఆవుల సంగతి చేరింది అలాగే. పుంగనూరులో పశువులు పెంచే లక్ష్మీపతి అనే ఆయన మంగళవారం నాడు ఆ కాయిన్లు పుచ్చుకుని నాజ్నీన్‌కు ఆరు ఆవులు అమ్మాడట. ఆమె తరఫున మోసిన్ సంతకం పెట్టాడట. ఎవరూ అడక్కుండానే లక్ష్మీపతి ఆ కాగితాన్ని పన్ను ఆఫీసుకు పోస్టులో పంపాడు. కాయిన్లు ఇచ్చి ఆవులు కొనడమంటే కాయిన్లు అమ్మినట్టే, పన్ను కట్టాల్సిందే అని వరుణ్ లెక్క. ఉన్న కాయిన్లను ఇలా చేతులు మార్చేశారు గనుక ఇల్లు కూడా చేజారకముందే జప్తు పెట్టాలని సోమవారం పైవాళ్ళకు రిపోర్టు రాస్తానన్నాడు.

“ఇల్లు మాయమ్మది అక్కా,” అంది నాజ్నీన్. “ఆయమ్మ చేతులు ఈ నీళ్ళలోనే ఉడికిపోయినాయి. నేను ఆ కాయిన్లూ సూడలేదు, ఆ ఆవుల్నీ సూడలేదు. సూడని వాటికి నేనుండే ఇల్లు పోతాదా?”

పోతుందా పోదా అన్నది రాజేశ్వరమ్మకూ తెలియదు. ఊళ్ళో ముగ్గురు ఆడిటర్లను అడిగింది. ఒకాయన కట్టాల్సిందే అన్నాడు. రెండో ఆయన దొంగతనమైతే కట్టనక్కర లేదేమో అన్నాడు. మూడో ఆయన కిటికీలోంచి బయటికి చూసి, కాఫీ తాగుతారా అన్నాడు.

కానీ వరుణ్ ఇచ్చిపోయిన అగ్రిమెంటు నకలు చేతిలోకి తీసుకోగానే ఒక్క మాట దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. మంగళవారం. రాజేశ్వరమ్మ పుట్టింది పుంగనూరు పక్క పల్లెలో, గొడ్డూ గోదా ఉన్న ఇంట్లో. మంగళవారం, శుక్రవారం గొడ్డును గడప దాటించే రైతు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. కొనేవాడు బంగారం కుమ్మరించినా, రేప్పొద్దున రాప్పా అని పంపేస్తారు.

కారు మాట్లాడుకుని బయల్దేరుతుంటే నాజ్నీన్ మిషన్ ఆపి, బురఖా తగిలించుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. రావద్దని చెప్పే ఓపిక రాజేశ్వరమ్మకు లేదు.

పుంగనూరులో దిగి ఆమె మొదట చేసిన పని ఒక తాళ్ళ అంగట్లో కొత్త పలుపు కొనడం. పశువు మెడకు కట్టే తాడు అది. అంగడివాడు ఎన్ని గొడ్లమ్మా అంటే, ఇంకా తెలీదప్పా అంది.

లక్ష్మీపతి కొట్టం ముందు అప్పటికే ప్రభుత్వ జీపు నిలబడి ఉంది. వరుణ్ కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు. ముప్పై నిండలేదు గానీ కళ్ళ కింద యాభై ఏళ్ళ నలుపు ఉంది. ఇలాంటి కాయిన్ల కేసులు అతని బల్ల మీద ఇంకో నాలుగున్నాయి. పైకి రాసిన ప్రతి ప్రశ్నకూ పైనుంచి సెక్షన్ల నెంబర్లు వస్తున్నాయే తప్ప జవాబు రావడం లేదు. ఆ చిరాకంతా అతని చొక్కా మడతల్లో కూడా కనబడుతోంది.

“పెళ్ళి సంబంధాలు తగ్గాయా మేడమ్, ఇటొచ్చారు?” అన్నాడు.

“ఇదీ సంబంధమే సార్. కాయిన్లకూ ఆవులకూ ముడి పెట్టినారంట. జాతకాలు కుదిరినాయో లేదో సూసిపోదామని.”

అతనికి నవ్వు రాలేదు. విచారణలో అడ్డు పడితే ఆ సంగతి కూడా రిపోర్టులో రాయాల్సి వస్తుందన్నాడు. రాజేశ్వరమ్మ అడ్డు పడలేదు. జీపు బానెట్‌కు ఆనుకుని మోకాలు ఒత్తుకుంటూ, తెలియక అడుగుతున్నానంటూ మొదలుపెట్టింది. ఈ కాయిన్లు డబ్బా అంటే కాదన్నాడు. బంగారమా అంటే కాదు. షేర్లా అంటే అవీ కాదు. ప్రభుత్వం వీటిని ఒప్పుకున్నదా అంటే, ఒప్పుకున్నట్టూ లేదు, వద్దన్నట్టూ లేదన్నాడు. పన్ను ఎంతంటే మాత్రం తడుముకోకుండా ముప్పై శాతం అన్నాడు. నష్టం వస్తే తగ్గించుకోవడం కుదరదని కూడా చేర్చాడు.

“ఆలూ లేదు సూలూ లేదు, ముప్పై శాతం మాత్రం ఉండాది,” అంది ఆమె.

“చట్టం నేను రాయలేదు మేడమ్.”

“రాసినోళ్ళు ఈడికి రారు కదప్పా. అందుకే నిన్ను అడుగుతా ఉండేది.”

ఇంతలో లక్ష్మీపతి లోపల్నించి వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. వేళ్ళకు ఉంగరాలు, నుదుట కుంకుమ. అతని ఆవుల వీడియోలు చూసి హైదరాబాదు నుంచి కూడా జనం కార్లలో వస్తారు. వరుణ్ అడిగితే చెప్పిన కథే మళ్ళీ చెప్పాడు. మంగళవారం పదకొండింటికి మోసిన్ వచ్చాడు. ఆరింటిని ఏరుకున్నాడు. ఫోన్ నొక్కాడు. పదీ పదిహేను నిమిషాల్లో కాయిన్లు తన ఫోన్లో పడ్డాయి. సంతకాలయ్యాయి. ఆవుల్ని తోలుకుపోయే దాకా మేతకింత అని మాట్లాడుకుని, మోసిన్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఎక్కడికో తనకు తెలియదు. రైతు ఆవులమ్ముకున్న సొమ్ముకు ట్యాక్సు లేదని తన ఆడిటరు చెప్పాడు గనుక తనకు ఏ దిగులూ లేదు.

చివరి మాట అడక్కుండానే చెప్పాడు. రాజేశ్వరమ్మ దాన్ని పక్కన పెట్టుకుని, ఆవుల్ని చూడొచ్చా అని అడిగింది.

కొట్టం శుభ్రంగా ఉంది. గాటికి వరసగా ఆరు ఆవులు. నడుమెత్తు కూడా లేని పొట్టి జీవాలు, తెల్లటివి, తోకలు నేలను ఊడుస్తున్నాయి. వరుణ్ ఫోటోలు తీసుకున్నాడు. చెవులకున్న నెంబర్లు అగ్రిమెంటులో నెంబర్లతో సరిపోల్చుకున్నాడు. అన్నీ సరిపోయాయి.

రాజేశ్వరమ్మ చెవుల జోలికి పోలేదు. ఒక్కొక్క ఆవు మెడ కింద చెయ్యి పెట్టి తడుముతూ వరస చివరి దాకా పోయింది. నల్ల ఉన్నితో కలిపి పేనిన పాత పలుపులు. ఏళ్ళ తరబడి చెమటకు, మెడ రాపిడికి నున్నగా తోలులా తయారయ్యాయి. ఒక్కోదానికి రెండేసి గవ్వలు. తర్వాత ఆమె తలెత్తి స్తంభానికున్న కొయ్యమేకు వైపు చూసింది. దానికి అలాంటి పలుపులే ఏడెనిమిది, మెడల్లేకుండా వేలాడుతున్నాయి. అన్నిటి మీదా దుమ్ము, బూజు. కొత్తగా తగిలించింది ఒక్కటీ లేదు.

ఆమె బయటికి వచ్చి కారు దగ్గరున్న నాజ్నీన్‌ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది. సంచిలోంచి కొత్త పలుపు తీసి లక్ష్మీపతి చేతిలో పెట్టింది.

“కొన్నామె వచ్చిండాదప్పా. తొమ్మిది దినాలు నీ మేత తినింది చాలు. మొదటిదాన్ని తోలుకుపోతాం. నీ పలుపు విప్పి నువ్వు పెట్టుకో, ఆమె కొత్తది కట్టుకుంటాది.”

లక్ష్మీపతి ఆవు దగ్గరికి పోయాడు. వంగాడు. చెయ్యి ముడి దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. వర్జ్యం ఉందన్నాడు. వర్జ్యం పొద్దున్నే అయిపోయిందని ఆమె చెప్పింది. ఆవు చూడిది, కదిలించకూడదన్నాడు. అయితే రెండో ఆవును విప్పమంది. అతను నిటారుగా నిలబడి, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. విప్పలేదు.

వరుణ్‌కు ఇదంతా తలాతోకా తెలియలేదు. తాడుతో పనేమిటని అడిగాడు.

రాజేశ్వరమ్మ విసుగు లేకుండా చెప్పింది. ఈ ప్రాంతంలో గొడ్డును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. గొడ్డుతో పాటు పలుపు పోతే ఇంటి లక్ష్మి పోయినట్టు. అమ్మినవాడు తన పలుపు విప్పి మేకుకు తగిలించుకుంటాడు. కొన్నవాడు కొత్తది తెచ్చి పసుపు పూసి కడతాడు. పలుపు మారితేనే బేరం అయినట్టు, కాగితం ఉన్నా లేకున్నా. అమ్మని ఆవుకు ఊరికే పలుపు విప్పితే ఆ సంవత్సరం కొట్టం ఖాళీ అవుతుందని భయం.

“కాగితం మీద సంతకానికి ఎవడికైనా చెయ్యి వస్తాది సార్. ఈయనకు దొంగ అమ్మకానికి పలుపు విప్పే చెయ్యి మాత్రం రాలేదు. అందులోనూ మంగళవారం పూట.”

“ఇది సాక్ష్యం ఎలా అవుతుంది? నా రిపోర్టులో తాడు గురించి రాస్తే పైవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీ. నువ్వు ఒక్కటి చెప్పు. ఆవులు అమ్మలేదనుకో. కాయిన్లు మాత్రం ఈయన ఫోనుకు వచ్చినాయి. అప్పుడు దానికి పేరేమి?”

వరుణ్ ఆలోచించాడు. మొదటిసారి అతని గొంతులో అధికారం తగ్గి, చదువుకున్నవాడి కుతూహలం వినిపించింది. బదులేమీ ఇవ్వకుండా తీసుకున్నట్టయితే అది అమ్మకం కాదు, ఊరికే పుచ్చుకున్నట్టు. బంధువు కానివాళ్ళ దగ్గర ఊరికే పుచ్చుకుంటే ఆ విలువంతా పుచ్చుకున్నవాడి ఆదాయం అవుతుంది. పన్ను కట్టాల్సింది పుచ్చుకున్నవాడే. అలా తాను రిపోర్టు రాయవచ్చు.

రాజేశ్వరమ్మ లక్ష్మీపతి వైపు తిరిగింది. “విన్నావు కదప్పా. ఆవులమ్మింటే ట్యాక్సు లేదని నీ ఆడిటరు చెప్పినాడు. ఆవులు గాట్లోనే ఉండాయి, నీ పలుపుతోనే. ఇప్పుడు సెప్పు. పలుపు విప్పుతావా, ట్యాక్సు కడతావా?”

లక్ష్మీపతి ఆవును చూశాడు, మేకును చూశాడు, వరుణ్ చేతిలోని కాగితాన్ని చూశాడు. గాటి గట్టు మీద చతికిలబడ్డాడు.

తర్వాత బయటికొచ్చింది తవ్వాల్సిన పని లేకుండానే వచ్చింది. మోసిన్ వచ్చి మాట్లాడుకుపోయింది మంగళవారం కాదు, సోమవారం రాత్రే. కాయిన్లు ఒక పూట నీ ఫోన్లో ఉంచుకుని, ఆవులమ్మినట్టు కాగితం రాసివ్వు, పదో వంతు నీది అన్నాడు. రూపాయిగా మారనంత వరకు ట్యాక్సు ఎవడడుగుతాడు, ఆవులంటే అసలే అడగడు అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మిగిలిన కాయిన్లను తన కొత్త ఖాతాలోకి మళ్ళించుకున్నాడు. ఆటో కూడా అబద్ధమే. లక్ష్మీపతే తన ఆవుల వ్యానులో కుప్పం తీసుకుపోయి దించి వచ్చాడు. రైల్వే స్టేషన్ ఎదురుగా కొబ్బరికాయల మండీ మీద గది.

నాజ్నీన్ కొట్టం వాకిట్లో నిలబడి అంతా వింది.

“ఎవురూ ఎత్తుకుపోలేదా?” అని మాత్రం అడిగింది.

“లేదమ్మా,” అన్నాడు లక్ష్మీపతి. “పాటలు పెట్టుకోని వచ్చినాడు వ్యానులో.”

వరుణ్ లక్ష్మీపతి ఫోన్ తీసుకుని, అతన్ని జీపులో ఎక్కించాడు. ముందుగా కుప్పానికి కబురు పోకుండా ఉండాలంటే అదొక్కటే దారి. ఆ సలహా రాజేశ్వరమ్మ ఇచ్చింది. అతను అది తన ఆలోచనే అన్నట్టు మొహం పెట్టాడు, ఆమె అలాగే ఉండనిచ్చింది. పలమనేరు దాటాక ఒకచోట రాజేశ్వరమ్మ మోకాలికి మందు రాసుకోవడానికి కారు ఆపమంది. నాజ్నీన్ ఆ సీసా తీసుకుని తానే రాసింది. వేడినీళ్ళలో నానిన వేళ్ళు గరుకుగా ఉన్నాయి. ఆమె అప్పుడు ఒక్క మాట అడిగింది. దొరికితే ఆయన్ని ఏం చేస్తారు అని. ఏం చేయాలన్నది చట్టంలో ఉందో లేదో తనకు తెలియదని రాజేశ్వరమ్మ చెప్పింది. అబద్ధం చెప్పడానికి ఆ రోజు ఆమెకు ఓపిక చాలలేదు.

నాలుగింటికి కుప్పం చేరారు. మండీలో కొబ్బరికాయలు లారీకి ఎత్తుతున్నారు. పక్కనున్న ఇనుప మెట్ల మీద రాజేశ్వరమ్మ ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కేసరికి వరుణ్ పైన తలుపు కొట్టడం, తలుపు తెరుచుకోవడం రెండూ అయిపోయాయి.

శాంతమ్మ మాటలో ఏ సగం అబద్ధమో ఆ గది చూడగానే తెలిసిపోయింది. ఇంకో ఆడది లేదు. కాపురం లేదు, దర్జా అసలే లేదు. ఒక చాప, నీళ్ళ క్యాను, తిని మడిచిపెట్టిన పొట్లాలు. కిటికీ గూట్లో నాజ్నీన్ ఫోన్ ఉంది. అద్దానికి గీత కూడా పడలేదు. మోసిన్ గడ్డం మాసి, తొమ్మిది రోజుల్లో తొమ్మిదేళ్ళు పెరిగినట్టున్నాడు. పెళ్ళాన్ని చూసి ముందు దక్కనీలో ఏదో గొణిగాడు. ఆమె జవాబివ్వకపోయేసరికి తెలుగులోకి వచ్చాడు.

రాజేశ్వరమ్మకు అతన్ని గుచ్చి గుచ్చి అడగాల్సిన పని పడలేదు. మనుషులు ఒంటరిగా దాక్కుంటే మాట కోసం మొహం వాచి ఉంటారు. నోటీసు వచ్చాక అతనూ ఆడిటర్ల చుట్టూ తిరిగాడు. ఒక్కొక్కరు ఒక్కో మాట. ఒకాయన చట్టం మారబోతోంది ఆగమన్నాడు, ఒకాయన ఆగితే మునుగుతావన్నాడు. మొత్తానికి అతనికి గట్టిగా తెలిసింది ఒక్కటే. పన్ను ఖాతా ఎవరి పేరుతో ఉంటే వాళ్ళ మీదికి వస్తుంది. కాయిన్లు తన చేతికి తెచ్చుకుని, బెంగళూరులో రూపాయలుగా మార్చుకుని, చట్టం తేలాక తిరిగి రావచ్చని ఎత్తు వేశాడు. అంత దాకా ఆమె మీద నోటీసులు వస్తే రానీ, ఆడమనిషి, మిషన్ తిప్పుకునేది, ఆమెనేం చేస్తారులే అనుకున్నాడు.

“కాయిన్లు ఇప్పుడు యాడ ఉండాయి?” అని అడిగింది రాజేశ్వరమ్మ.

మోసిన్ చాప మీద కూర్చుండిపోయాడు. బెంగళూరు మనిషి ముందు కాయిన్లు పంపు, గంటలో డబ్బు తెస్తా అన్నాడు. ఆ మర్నాడే, బుధవారం పొద్దున పంపాడు. గంట అయింది, రోజు అయింది. ఆ నెంబరు ఇప్పుడు మోగడం లేదు. మొహం కూడా చూడని మనిషి. పేరు నిజమో కాదో తెలియదు.

వరుణ్ గోడకు ఆనుకున్నాడు. ఇంత దూరం తరుముకొచ్చిన సొమ్ము గాలి అని తేలాక అతని భుజాలు కూడా జారిపోయాయి.

“పోయినాయి కదా సార్,” అన్నాడు మోసిన్ ఆశగా. “లేనిదానికి ట్యాక్సు యాడిది?”

ఉందని వరుణ్ చెప్పాడు. నెమ్మదిగానే చెప్పాడు, తాను ఆ మాట నమ్ముతున్నట్టు కూడా అతని మొహం లేదు. లక్ష్మీపతి నడిమి మనిషేనని తేలాక భారం మళ్ళీ ఖాతా ఉన్న నాజ్నీన్ మీదే, కాయిన్లు ఆమె ఖాతా దాటిన మంగళవారం నాటి విలువ మీదే లెక్క. ఆ తర్వాత ఎవడు మోసం చేశాడు, ఎక్కడ పోయాయి అన్నది లెక్కలోకి రాదు. నాజ్నీన్ తెలిసే మొగుడి చేత బదిలీ చేయించింది అంటే అది ఆమె చేసిన బదిలీ. సోమవారం రిపోర్టు పోతుంది, ఇంటికి జప్తు వస్తుంది.

“తెలీకుండా అయితే?” అంది రాజేశ్వరమ్మ.

“తెలియకుండా అయితే దొంగతనం. దొంగతనం బదిలీ కిందికి వస్తుందని పుస్తకంలో లేదు, రాదనీ లేదు. నేను అమ్మకం అని రాయను. జప్తు అడగను. ఆపై కోర్టు ఏమంటుందో నాకూ తెలియదు మేడమ్. కానీ దొంగతనం అని ఊరికే రాయలేను. దొంగ ఎవరో ఆమె చెప్పాలి. సంతకం పెట్టాలి. ఆ కాగితం పోలీసులకూ పోతుంది.”

గదిలో ఉన్న మిగతా ముగ్గురికీ ఆ మాట ఒకేసారి అర్థమైంది. కింద కొబ్బరికాయలు ఎత్తేవాళ్ళు లెక్క పాడుతున్నారు. మోసిన్ లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించి, ఇంట్లో అడిగినట్టే అడిగాడు. తెలిసే ఇచ్చినానని చెప్పమన్నాడు. కోర్టుకు పోదాం, ఏళ్ళు పడతాయి, అప్పటికి చట్టం మారుతుంది, ఇల్లు మళ్ళీ వస్తుందన్నాడు. తాను జైలుకు పోతే మాత్రం పరువు మళ్ళీ రాదన్నాడు. నాజ్నీన్ అతని వైపు చూడకుండా గూట్లోని ఫోన్ తీసుకుని సంచిలో వేసుకుంది.

“నీ మొగుణ్ణి నేను. నన్ను దొంగనని రాపిస్తావా?”

ఇరవయ్యారేళ్ళలో రాజేశ్వరమ్మ ఇలాంటి గదుల్లో ఎన్నోసార్లు నిలబడింది. ఎటు చెప్పమని సలహా ఇచ్చినా ఆ సలహా తర్వాత జీవితాంతం తన వెంట నడిచి వస్తుందని ఆమెకు తెలుసు. తలుపు చట్రానికి ఆనుకుని ఊరుకుంది.

వరుణ్ బ్యాగులోంచి తెల్ల కాగితం తీసి, మోకాలి మీద అట్ట పెట్టుకుని, కలం మూత తీశాడు. కాయిన్లు దాటించింది ఎవరో వాళ్ళ పేరు, వివరాలు మొదట రాయాలన్నాడు. చెప్పమ్మా అన్నాడు.

నాజ్నీన్ కాగితాన్నే చూస్తూ చెప్పింది.

“దొంగ పేరు మోసిన్. వయసు ముప్పై ఎనిమిది. రాసుకో సారూ. అడ్రసు కాడ మాత్రం మా ఇంటిది రాయొద్దు.”